ఏలియమ్మ సిస్టర్‌కు నేనిచ్చిన పిలక

ఒక కత్తిపీటతో, ఒక్క ఉదయం పూట, కాఫీ చల్లారేలోపు ఒక వంశాన్ని సమూలంగా నిర్మూలించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. పైగా అదంతా ధర్మకార్యం అనుకుని, చేతులు కడుక్కుని, ఇంకో గ్లాసు కాఫీ పెట్టించుకుని మరీ తాగాను. దాని వెంట వచ్చిన అనర్థం అంతా చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మధ్యలో నేను కోప్పడతాను. అది నా అలవాటు, మీరు పట్టించుకోకండి.

ఇది నాలుగేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను కుర్రవాణ్ణి, డెబ్బై ఒకటో ఏడు. ఇప్పుడున్న నిదానం అప్పుడు లేదు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి. ఎనిమిదో తరగతి కోనసీమలో ఒక అరటితోటలో, పిలకలు కొడుతూ చదివాను. తొమ్మిదీ పదీ ఢిల్లీలో ఒక సర్కారు ఆఫీసు రికార్డు గదిలో, ఫైళ్ళ దుమ్ము దులుపుతూ చదివాను. ఆ పైన చదివిందంతా నా అంతట నేను చదివిందే. పకోడీల పొట్లం విప్పితే ముందు కాగితం చదివి తరవాత పకోడీ తినే రకాన్ని. ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉన్నన్నాళ్ళూ, చుట్టూ ఉన్న ఎమ్మేలూ ఎమ్మెస్సీలూ ఆదాయపన్ను కాగితం నింపడానికి నా దగ్గరకే వచ్చేవారు. వచ్చి, పని కాగానే, "మీరేం చదువుకున్నారు?" అని అడిగేవారు. ఆ ప్రశ్న తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సరే, ఆ కథ వేరు.

రిటైరయ్యాక ఘాజియాబాద్‌లో కింది అంతస్తు ఫ్లాటు తీసుకున్నాం, నేనూ మా రత్నమూ. రత్నం నా భార్య. ఫ్లాటుకు ముందు రెండు దుప్పట్లు పరిచినంత మట్టి ఉంది. అందులో కరివేపాకు, మందారం, ఎర్ర తోటకూర, ఢిల్లీ చలికి ఏటా చచ్చి ఏటా బతికే ఒక అరటిచెట్టు. ఆ అరటిచెట్టును చూసుకునే కాలనీ అంతా నన్ను వ్యవసాయ పండితుడనుకునేది. కాలనీ కంటే ముందు నేనే అనుకున్నాననుకోండి.

మా పైన రెండో అంతస్తులో సునంద ఉంటుంది. భీమవరం వైపు అమ్మాయి, ఒక పెద్దాసుపత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్తున్నా, ఆదివారం చర్చికి వెళ్తున్నా మా గుమ్మం దగ్గర ఆగి, "బాబాయ్ గారూ, బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడగనిదే కదలదు. వేసుకోకపోతే నిలబడి వేయించి మరీ వెళ్తుంది.

ఆ సెప్టెంబరులో ఒక పొద్దున సునంద ఒక కుండీని చంటిపిల్లలా చంకనెత్తుకుని మెట్లు దిగింది. వెనకాల సూట్‌కేసుతో ఆమె భర్త. గేటు బయట ఆటోవాడి హారను.

"బాబాయ్ గారూ, వందనాలండి. అమ్మకి కంటి ఆపరేషను. మూడు వారాలు ఊళ్ళో ఉండాలి. ఇది మీ దగ్గర పెట్టి వెళ్తాను."

"మీ ఆయన ఇక్కడే ఉంటాడుగా?"

"ఆయనకి మొక్కకీ గొడుగుకీ తేడా తెలీదండి. పోయినేడు మనీప్లాంటుని చంపేశారు. మనీప్లాంటుని!"

పాపం, ఆ అబ్బాయి సూట్‌కేసు జిప్పు సరిచేసుకుంటూ ఉండిపోయాడు.

"ఏం మొక్కమ్మా ఇది?"

"బ్రొమీలియాడ్ అండి."

నాకు దగ్గుమందు గుర్తొచ్చింది. మొక్కకు పెట్టాల్సిన పేరేనా అది? మందారం, నందివర్ధనం, గన్నేరు... పిలిస్తే పలికేట్టు ఉంటాయి. ఇది పిలవాలంటే ముందు గొంతు సవరించుకోవాలి. కానీ మొక్క మాత్రం దర్జాగా ఉంది. బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ ఆకులు, వాటి మీద పిండి చల్లినట్టు అడ్డంగా వెండి చారలు, అంచున ముళ్ళు. ఆకులన్నీ మధ్యలో కలిసి గిన్నెలా తయారై, ఆ గిన్నెలో నీళ్ళు. నీళ్ళలోంచి గులాబీరంగు పువ్వు ఒకటి, అప్పటికే కాస్త వడిలి.

వంటింట్లోంచి వచ్చిన రత్నం తొంగి చూసి, "అనాస చుట్టంలా ఉందే!" అంది.

"నీకు తెలీదు, ఊరుకో," అన్నాను. ఆవిడకే తెలుసు. అనాస నిజంగానే దీని కుటుంబందేనట. అది నాకు తరవాత తెలిసింది. నాకు అన్నీ తరవాతే తెలుస్తాయి.

ఈ మొక్క వెనక ఒక మనిషి ఉంది. ఆవిడ పేరు ఏలియమ్మ సిస్టర్. కేరళ మనిషి. ఢిల్లీ వార్డుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన హెడ్ నర్సు. సునంద ఇరవై ఒక్కేళ్ళ వయసులో హిందీ ముక్క రాకుండా ఢిల్లీలో దిగి, మందుల గదిలో తలుపేసుకుని ఏడుస్తుంటే, ఆ తలుపు తట్టింది ఏలియమ్మ. తన గదిలో సగం ఇచ్చింది. దర్ద్, సూజన్, బుఖార్ అంటూ రోగాల పేర్లతో హిందీ నేర్పింది. పెళ్ళికి తన మొక్క పిలకను కానుకగా ఇచ్చింది. ఆ పిలకే ఇప్పుడు మా గుమ్మంలో ఉన్న మొక్క. ఏలియమ్మ దగ్గరున్న తల్లి మొక్క ఆ వేసవిలో మాడిపోయింది. ఇప్పుడు ఆవిడ రిటైరై, అక్టోబరు మొదట్లో సొంత ఊరికి వెళ్ళిపోతోంది. వార్డంతా కలిసి శాలువా కప్పుతామంటే, "శాలువా వద్దు, సునంద దగ్గరున్న నా మొక్క ఇప్పించండి చాలు," అందట.

"సిస్టర్ రైలెక్కే రోజుకి ఇది ఆవిడ చేతిలో ఉండాలి బాబాయ్ గారూ," అంది సునంద, కళ్ళలో నీళ్ళు ఆపుకుంటూ. "చూడాల్సినవన్నీ కాగితం మీద రాశాను. ఒక్కసారి చదవండి, మర్చిపోకండి."

కాగితం నా చేతిలో పెట్టి ఆటో ఎక్కింది.

చదవండీ అనడమే నాకు నచ్చలేదు. పకోడీ పొట్లాలు వదలనివాణ్ణి ఆ కాగితాన్ని మాత్రం మడిచి రేడియో కింద పెట్టాను. ముప్పై అయిదేళ్ళ అమ్మాయి నాకు మొక్కల గురించి రాసివ్వడమా! పిలకలు కొట్టి పెరిగినవాణ్ణి!

మూడు నాలుగు రోజులు బాగానే నడిచింది. గిన్నెలో నీళ్ళు పోశాను, ఎండ తగలకుండా వరండాలో పెట్టాను. అయిదో రోజు పొద్దున కాఫీ గ్లాసుతో కుండీ ముందు కూర్చుని పరీక్షగా చూస్తే ఏముంది? తల్లి మొక్క పువ్వు ఇంకా వడిలింది. కింది ఆకులు రెండు పసుపెక్కాయి. మొదట్లో, మట్టిని ఆనుకుని, మూడు పిలకలు బొద్దుగా, నవనవలాడుతూ లేచాయి.

నాలోని అరటితోట లేచి కూర్చుంది.

అరటి సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. అరటిచెట్టు మొదట్లో పిలకలు లేస్తాయి. వాటిని ఉంచితే తల్లి సారమంతా లాగేస్తాయి, గెల చిక్కిపోతుంది. అందుకని తోటలో ఎప్పటికప్పుడు పిలకలు కొట్టాలి. పదమూడేళ్ళ వయసులో రోజంతా నేను చేసిన పని అదే. పిలక కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. మరి ఇక్కడ తల్లి కళ్ళముందే నీరసించిపోతోంది, మూడు పిలకలు దాన్ని పీక్కు తింటున్నాయి. రైలెక్కే రోజుకు ఏలియమ్మ సిస్టర్ చేతిలో నిగనిగలాడుతూ ఉండాల్సింది తల్లే కదా!

"రత్నం, కత్తిపీట ఇలా పట్రా."

"ఎందుకు?"

"పిలకలు తియ్యాలి."

"ఆ పిల్ల కాగితమేదో ఇచ్చింది కదండీ. ఒకసారి చూడకూడదూ?"

"అరటి నాకు కాగితం చూసి నేర్పారా?"

"ఇది అరటి కాదుగా."

"పిలక పిలకే!"

చూశారా, ఎంత గట్టిగా చెప్పానో. అజ్ఞానానికి ఎప్పుడూ గొంతు పెద్దదే. మూడు పిలకలనూ మొదలంటా కోశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది, పాతిపెడితే బతికేవి. ఊరుకోలేదు. మా వైపు కొట్టిన పిలకల్ని ముక్కలు చేసి గేదెలకు వేస్తాం. ఘాజియాబాద్‌లో గేదె లేదు కాబట్టి బెండకాయల్లా చక్రాలు తరిగి ఎరువు డబ్బాలో వేసి, పైన నిన్నటి మజ్జిగ కూడా పోశాను. తొందరగా కుళ్ళాలని.

రెండు రోజులయ్యాక రత్నం రేడియో తుడుస్తూ కాగితం తీసింది.

"చదవనా?"

"చదువు, చదువు. ఎన్ని సరిగ్గా చేశానో లెక్కపెట్టుకుంటాను."

"ఒకటి. గిన్నెలో నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. వారానికోసారి వంపేసి కొత్తవి పొయ్యాలి, లేకపోతే దోమలు."

"చేశాను!"

"రెండు. నేరుగా ఎండ తగలకూడదు."

"తగల్లేదు!"

"మూడు. కింద మట్టిని మరీ తడపకూడదు."

"ఆ మాత్రం తెలీదా నాకు?"

"నాలుగు. పువ్వు పూశాక తల్లి మొక్క మెల్లగా ఎండిపోతుంది. కంగారు పడకండి, అది దాని తీరు. మనకి మిగిలేవి పిలకలే. వాటిలో పెద్దది..." రత్నం ఆగింది. కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "వాటిలో పెద్దది సిస్టర్‌కి. వాటిని ఎవ్వరూ ముట్టుకోకుండా చూడండి బాబాయ్ గారూ."

పోలీసు స్టేషన్‌లో నేరం చదివి వినిపిస్తున్నట్టు ఆవిడ అయిదోది కూడా వదలకుండా చదివింది.

"అయిదు. అనుమానం వస్తే ఫోన్ చెయ్యండి. మీకు రాదనుకోండి."

పరుగెత్తుకెళ్ళి ఎరువు డబ్బా మూత తీశాను. మజ్జిగలో నానిన చక్రాలు నన్ను చూసి నురగ కక్కాయి. అంతకు మించి వర్ణించను.

"ఆ పిల్లకి ఫోన్ చేసి చెప్పెయ్యండి," అంది రత్నం.

అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మీకూ శ్రమ తప్పేది. ఫోన్ తీశాను కూడా. కానీ అది మోగింది. సునందే.

"బాబాయ్ గారూ, అమ్మ ఆపరేషన్ బాగా అయిందండి. పిలకలు ఎలా ఉన్నాయి?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఆ అమ్మాయి, "సిస్టర్ రోజూ అడుగుతున్నారు బాబాయ్ గారూ. ఊళ్ళో ఇంటి ముందు ఎక్కడ పెట్టాలో కూడా చూసేసుకున్నారట," అంది.

"దివ్యంగా ఉన్నాయమ్మా," అన్నాను.

రత్నం నుదురు కొట్టుకున్న చప్పుడు భీమవరం దాకా వినిపించే ఉంటుంది.

మర్నాటి నుంచి నర్సరీల ప్రదక్షిణం. మా చుట్టుపక్కల రోడ్డు పక్క నర్సరీలు ఏడెనిమిది ఉన్నాయి. ప్రతి చోటా నేను గొంతు సవరించుకుని ఆ దగ్గుమందు పేరు చెప్పడం, వాళ్ళు వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టడం.

"బ్రొమీలియాడ్? అభీ నహీ హై అంకల్ జీ. యే లే జావో, సేమ్ టు సేమ్," అని ఒకాయన కలబంద చేతిలో పెట్టాడు.

"ఇది సేమా? దీనికి చారలేవీ?"

"పానీ డాలో, ఆ జాయేంగీ."

నీళ్ళు పోస్తే చారలొస్తాయట! మనిషన్నవాడు ఆడాల్సిన మాటేనా? ఇంకొకడి దగ్గర ఆ జాతిదే దొరికింది గానీ ఆకులు ఎర్రటి ఎరుపు, పెళ్ళి బ్యాండు మేళం వాళ్ళ కోటులాగా. నెత్తిన చెయ్యి పెట్టుకుని తిరిగొస్తుంటే కాలనీ గేటు దగ్గర పళ్ళ బండి నిలబడి ఉంది. బండి మీద వరసగా అనాసపళ్ళు. ఒక్కోదాని నెత్తిన ఒక్కో కుచ్చు. బూడిద కలిసిన ఆకుపచ్చ, అంచున ముళ్ళు.

అనాస చుట్టంలా ఉందే, అంది కదూ రత్నం.

ఇక మీరు ఊహించింది నిజమే. అనాసకాయ కొన్నాను. కుచ్చు నచ్చక ఇంకోటి కొన్నాను. అదీ వంకరగా ఉందని ఇంకోటి. నాలుగో కాయ కుచ్చు అచ్చం పిలకలా కుదిరింది. దాన్ని తిప్పి ఊడదీసి, కింది ఆకులు ఒలిచి, చిన్న కుండీలో పాతాను. వారం పాటు మా ఇంట్లో అనాస పులుసు, అనాస పచ్చడి, అనాస రసం. రత్నం నాలుక పొక్కి మాట్లాడ్డం తగ్గించింది. ఆ ఒక్కటీ నాకు కలిసొచ్చింది.

చారలొక్కటే తక్కువ. వాటికీ రత్నమే శరణ్యం. ఆర్.కె. పురంలో పండగొస్తే మెట్ల మీద ఆవిడ ముగ్గు చూడ్డానికి పంజాబీ ఆడవాళ్ళు కూడా వచ్చేవారు.

"అబద్ధానికి ముగ్గెయ్యమంటారా నన్ను?"

"అబద్ధానికి కాదే. ఆ పిల్ల ఏడవకుండా ఉండటానికి."

అటూ ఇటూ చూసి, గొణుక్కుని, చివరికి ముగ్గుపిండి గంజిలో కలిపి, అగ్గిపుల్లకు దూది చుట్టి, ఆకు ఆకుకూ అడ్డంగా సన్నటి చారలు దిద్దింది. వేసిన తరవాత కాస్త దూరం జరిగి తల పక్కకు వంచి చూసుకుంది కూడా. ఆర్టిస్టు ఆర్టిస్టే.

సునంద వస్తే గుర్తుపడుతుందేమోనన్న భయం నాకు పట్టుకుంది. అదృష్టమో దురదృష్టమో, ఆమె రైలు సగం రోజు ఆలస్యం. ఏలియమ్మ సిస్టర్ రైలు నిజాముద్దీన్‌లో మధ్యాహ్నం. ఇంటికి వచ్చి వెళ్ళే వ్యవధి లేదు.

"నువ్వు నేరుగా నిజాముద్దీన్ రామ్మా. మొక్క నేను తీసుకొస్తాను," అన్నాను, త్యాగమూర్తిలాగా.

కుండీకి ఎర్ర రిబ్బను కట్టి మెట్రో ఎక్కబోయాను. స్కానరు దగ్గర కూర్చున్న సెక్యూరిటీ ఆయన తెర వంక చూడలేదు, కుండీ వంక చూశాడు.

"అంకల్ జీ, అనానాస్ కా పౌధా హై క్యా?"

అనాస మొక్కా అని అడుగుతున్నాడు! ఢిల్లీ అంతా ఇన్నాళ్ళూ మూర్ఖులనుకున్నాను. ఆ ఒక్కరోజే అందరికీ తెలివొచ్చింది.

"బ్రొమీలియాడ్," అన్నాను, గొంతు సవరించుకుని.

"అచ్ఛా. లగ్తా తో అనానాస్ హై," అని, చూడ్డానికి అనాసలాగే ఉందంటూనే పంపేశాడు.

ప్లాట్‌ఫారం మీద నర్సులు పాతిక మంది. వాళ్ళ మధ్యలో ఏలియమ్మ సిస్టర్, తెల్లచీర, పొట్టి మనిషి, గట్టి మనిషి. సునంద అప్పుడే దిగి పరుగెత్తుకొచ్చి ఆవిణ్ణి పట్టుకుని ఏడుస్తోంది. నేను కుండీ అందించాను. సునంద ఆ కన్నీళ్ళలోంచే నన్ను చూసి, "థ్యాంక్స్ బాబాయ్ గారూ," అంది. ఆ మాటకు నాకు కుండీతో సహా పట్టాల మీద పడిపోదామనిపించింది.

ఏలియమ్మ కుండీ తీసుకుంది. పిలకను ఒకసారి చూసింది. మళ్ళీ చూసింది. అరే, బిడ్డకు దాహంగా ఉన్నట్టుందే అని హిందీలో అంటూ, తన సీసాలోంచి ఇన్ని నీళ్ళు తీసి ఆకుల మీద చల్లింది.

నా ప్రాణం అక్కడే పోయింది. రత్నం ముగ్గు తెల్లటి ధారలుగా కారి ఎర్ర రిబ్బను మీద పడింది. ఆవిడ బొటనవేలితో ఒక ఆకు తుడిచింది. బొటనవేలు చూసుకుంది. తరవాత నన్ను చూసింది. ముప్పై ఏళ్ళు మాత్రలు మింగామని అబద్ధమాడే రోగుల్ని చూసిన కళ్ళు అవి.

"అంకల్ జీ, యే బచ్చా ఆప్‌నే పాలా?"

ఈ బిడ్డను మీరే పెంచారా అని.

"జీ," అన్నాను. చెమట చెవుల వెనక నుంచి కాలర్లోకి దిగుతోంది.

ఆవిడ నా వంక, తన భుజం మీద తలపెట్టి ఏడుస్తున్న సునంద వంక చూసింది. చీర చెంగుతో ఆకులన్నీ ఒకటొకటిగా శుభ్రంగా తుడిచేసింది, కారిన ముగ్గు ఎవరికీ కనపడకుండా.

"బహుత్ అచ్ఛా బచ్చా హై," చాలా మంచి బిడ్డ అని మెచ్చుకుని రైలెక్కింది.

ఆవిడకు చూపు మందగించి ఉంటుందని ఇంటికొచ్చి రత్నంతో చెప్పాను. రత్నం ముగ్గుపిండి డబ్బాకు మూత బిగించింది. అది మరీ ఇబ్బంది.

సునందకు మిగతా రెండు పిలకలూ బతకలేదని చెప్పాను. తల్లి మొక్క మా వరండాలోనే ఎండుతూ వచ్చింది. ఆ చలికాలమంతా దానికి గోనె కప్పాను, గిన్నెలో నీళ్ళు మార్చాను, రోజూ క్షమాపణ చెప్పుకున్నాను. ఫాల్గుణంలో, నేను కోసిన చోటు పక్కనే, గోరంత పచ్చగా ఒక పిలక లేచింది. పిలకల్ని కోసేస్తే కొన్నిసార్లు తల్లి మళ్ళీ ఇంకోటి పెడుతుందట. నాలాంటివాళ్ళు పుడతారని ఆ మొక్కకు ముందే తెలుసు కాబోలు. దాన్ని సునంద చేతిలో పెట్టాను. ఆమె సంతోషానికి అంతులేదు. నేను మాత్రం నోరు విప్పలేదు. ప్రతిరోజూ బీపీ మాత్ర గురించి అడిగినప్పుడల్లా ఇవాళ చెప్పేస్తాననుకోవడం, వేసుకున్నానమ్మా అని లోపలికెళ్ళడం.

దాదాపు రెండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ సునంద ఒక అట్టపెట్టెతో మా ఇంట్లోకి వచ్చింది. కేరళ వెళ్ళొచ్చిన తోటి నర్సు ఒకామె ఏలియమ్మ సిస్టర్ పంపిందని ఇచ్చిందట. పెట్టె మీద 'సునంద బాబాయ్ గారికి' అని ఉంది. విప్పితే పాత దినపత్రిక చుట్టలో ఒక అనాసపండు. ఇల్లంతా వాసన. కింద ఒక ఉత్తరం, హిందీలో. సునంద పైకి చదివింది.

"సునందా, నీ బాబాయ్ గారు పెంచిన బిడ్డ పండింది. ఇది ఆయనకే చెందాలి. మా నాన్నకు అనాసతోట. నేను నడక నేర్చిందే అనాస వరసల మధ్య. ప్లాట్‌ఫారం మీద అప్పుడే చెప్పేదాన్ని, కానీ నువ్వు ఏడుస్తున్నావు, ఆయన చెమటలు కక్కుతున్నారు. ఇద్దరిలో ఎవరికి ముందు ప్రథమ చికిత్స చెయ్యాలో తెలియక రైలెక్కాను. ఢిల్లీ బళ్ళ మీద అమ్మే అనాసలు చాలావరకు మా వైపు నుంచి వెళ్ళేవే. కాబట్టి ఇదీ మా ఊరి బిడ్డే అనుకున్నాను. లారీ ఎక్కి ఢిల్లీ వెళ్ళింది, నాతోపాటు రైలెక్కి ఇంటికొచ్చింది. ఆయన్ని ఏమీ అనకు."

చదవడం అయిపోయింది. సునంద ఉత్తరం మడిచింది. ఆ అమ్మాయి మొహం చూసే ధైర్యం లేక నేను అనాసపండు మొహం చూస్తూ నిలబడ్డాను. అప్పుడు చెప్పాను. కత్తిపీట, మజ్జిగ, కలబంద, నాలుగు అనాసకాయలు, అన్నీ. కోర్టులో కూడా ఎవరూ అంత వివరంగా ఒప్పుకుని ఉండరు.

అంతా విని సునంద అడిగింది. "ఆ చారలు ఎవరు వేశారు బాబాయ్ గారూ?"

"నేనేనమ్మా," అంది రత్నం వంటింట్లోంచి. ఆ గొంతులో పశ్చాత్తాపం కంటే గర్వమే ఎక్కువ పలికింది.

సునంద నవ్విందా ఏడ్చిందా నాకు ఇప్పటికీ తెలీదు. రెండూ ఒకేసారి చేసింది. తరవాత సంచీలోంచి బీపీ మిషను తీసి నా చేతికి చుట్టింది. అంకె చూసి, "నాకు అప్పుడే చెప్పేస్తే ఇంత ఉండేది కాదు కదండీ!" అని కసిరింది. ఆ పైన తీర్పు చెప్పింది.

"నా దగ్గరున్న పిలక ఇప్పుడు పెద్దదైంది. దాన్ని మీరే తీసుకెళ్ళి సిస్టర్‌కి ఇవ్వాలి."

"రెండు రోజుల ప్రయాణమమ్మా!"

"ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలి."

"ఒళ్ళో ఎందుకు? సీటు కింద పెడితే..."

"ఒళ్ళోనే."

వెళ్ళాను. రెండు రాత్రులు ఆ ముళ్ళ మొక్కను ఒళ్ళో పెట్టుకుని దేశం పొడుగునా వెళ్ళాను. రత్నం పై బెర్తు మీద సుఖంగా నిద్రపోయింది. ఏలియమ్మ సిస్టర్ ఇల్లు చేరేసరికి కళ్ళు తిరిగాయి. అలసటతో కాదు. ఇంటి చుట్టూ, గుట్ట దిగేదాకా, కనుచూపు మేర అనాసలే! వేలకు వేల అనాసలున్న ఊరికి నేను ఒక అనాస పంపాను. సముద్రానికి సీసాలో నీళ్ళు పంపినవాడు కూడా నా కంటే తెలివైనవాడే.

ఆ వేల మొక్కలూ నేలలో ఉన్నాయి. ఒక్కటి మాత్రం వరండాలో, కుండీలో ఉంది. పండు కోసేసినా తీసెయ్యలేదు. ఆ ఒక్కటీ ఎవరిదో నేను అడగలేదు.

ఏలియమ్మ గుమ్మంలో నిలబడింది. నేను రెండు చేతులా పిలక అందించాను. ఆవిడ కుశలం అడగలేదు, కూర్చోమనలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆకుల మీద చల్లింది. బొటనవేలితో ఒక వెండి చారను గట్టిగా రుద్దింది. వేలు వెలుతురులో పట్టి చూసుకుంది. శుభ్రంగా ఉంది.

అప్పుడు పక్కకు తప్పుకుని, లోపలికి దారి చూపిస్తూ, "ఆయియే అంకల్ జీ, అందర్ ఆయియే," అంది.

కాబట్టి సకలమైన చెట్టూ చేమా సాక్షిగా, వేలు పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరొకరి మొక్క పిలక మీద చెయ్యి వెయ్యను. వేసినా కేరళ మనిషికి అనాసను వేరే పేరు చెప్పి ఇవ్వను. ఇచ్చినా, ముగ్గు మాత్రం నీళ్ళకు కరగని రంగుతో పెట్టిస్తాను.